సంచిముడి వేసిన కోడికాళ్లు

"ముక్కు మూసుకోకు తమ్మీ. నేను మూడు నెలలు పీల్చిన వాసనే గిది."

చంద్రమ్మ గుడ్డమూట పక్కింటివాణ్ణయిన నా ముందు విప్పింది. లోపల ఎండిపోయిన కోడికాళ్లు పద్నాలుగు. ప్రతిదానికీ ఒక నల్లదారం. ఈగలు వాలుతున్నా ఆమె తోలలేదు.

అది డెబ్బై నాలుగు ఎండాకాలం. నార్సింగి బయట ఒక దాణా కంపెనీ కోళ్లషెడ్డులో ఆమె నిన్నటిదాకా కూలి. దాణాలో కలిపితే గుడ్లు పెరుగుతాయని కంపెనీ ఒక పొడి తెచ్చింది. అమ్మకముందు అది పనిచేస్తుందో లేదో, కోళ్లకు చేటేమో తేల్చమని పశువుల డాక్టరు రామ్మోహనరావును అడిగారు. ఆయన నూరు కోళ్లను రెండు గదుల్లో పెట్టించాడు. పొడి తినేవాటి కాలికి ఎర్రదారం, తిననివాటికి నల్లదారం. నూరు దారాలూ చంద్రమ్మే కట్టింది. చచ్చినదాని కాలు దారంతో సహా కోసి దాచమని, ఆఖర్న తానే వచ్చి లెక్క చూస్తానని డాక్టరు చెప్పి వెళ్లాడు.

"ఎర్రదారపువే చచ్చినయి. కడుపు కోస్తే కార్జం పసుపు పచ్చగ, జిడ్డుగ, వేలు పెడితే జారిపోయేది. థూ."

"మరి ఇవన్నీ నల్లదారాలే కదక్కా?"

"గదే చెప్తున్న. కాళ్లు నన్ను కోయనియ్యలే. 'నీకెందుకు చంద్రమ్మా కష్టం' అని సూపర్‌వైజర్ వెంకటనారాయణే కోస్తుండె. గింత మంచోడు ఎప్పటిసంది అయిండా అనుకున్న. నల్లదారపువి పెట్టిన గుడ్లు గూడ ఎర్రదారపు గంపల పోసిండు. చచ్చిన కోళ్లను కూకట్‌పల్లి తోవల హోటల్‌కు అమ్మిండు. ఒకటి నాకిచ్చిండు. నేను గూడ సిగ్గులేక తెచ్చి వండిన. మీద తేలిన నురగ చూసి, కుండతోని సహా అవతల పారేసిన. గాడు మాత్రం గవే చేతులతోని టిఫిను డబ్బా తెరిసి తింటడు."

ఒక కాలు నా చేతిలో పెట్టింది. "ముడి చూడు. గాడు ఎర్రది తెంపి నల్లది కట్టిండు, గోనెసంచి మూతికి కట్టే ముడి. నాకు పూలు కట్టే ముడి తప్ప ఇంకోటి రాదు. లెక్క కుదరనీకి గాడు నల్లది తెంపి ఎర్రది కట్టిన పద్నాలుగింటికి తప్ప, బతికున్న కోళ్లన్నిటికీ నా ముడే ఉంది, పోయి చూసుకోవచ్చు. ముచ్చట అడిగితే రేపటిసంది రాకన్నడు. చూరుకు ఎండేసిన మూట తెంపుకొచ్చిన."

సోమవారం డాక్టరు సంతకం పెడితే పొడి అంగళ్లకు వస్తుంది. పుప్పాలగూడలో ఆమె చెల్లెలు సీతాబాయికి నలభై కోళ్లున్నాయి. వెంకటనారాయణ ఆమెకు ఒక సంచి పొడి ముందుగానే ఇచ్చాడట.

"డాక్టరుకు నువ్వే చెప్పొచ్చు కదక్కా?"

"నేను సీత కాడికి పోవాలె. పొద్దుగూకితే దాణాల పొడి కలుపుతది, నేను పక్కన కూసుంటే తప్ప ఆగది." కొప్పులోని తాను కట్టిన కనకాంబరాల దండ తీసి మూటలో పెట్టి, కొసలు కట్టింది. "డాక్టరు చేతికే ఇయ్యి, గేటు కాడ ఎవ్వనికీ ఇయ్యకు. దండ, కాలు పక్కపక్కన పెట్టి ముళ్లు చూడమను. పో తమ్మీ, జర జల్ది పో."