పొమ్మన్నా పోని బాషా

పొదిలి టాక్సీ స్టాండులో మొహిద్దీన్ బాషాకి ఉన్న అవలక్షణం ఒక్కటే. చెక్‌పోస్టు కనిపిస్తే చాలు, కారు ఆపుతాడు. ఆపమంటే ఎలాగూ ఆపుతాడు. ఆపొద్దన్నా ఆపుతాడు. పొమ్మని చేతులు జోడించినా పోడు.

లోకంలో డ్రైవర్లందరూ చెక్‌పోస్టు దాటేదాకా ఊపిరి బిగబట్టుకుంటారు. బాషా అంబాసిడర్ కనిపిస్తే ఊపిరి బిగబట్టేది చెక్‌పోస్టువాళ్లు. పత్తి, మిరప లోడ్లను తప్ప ఇంకో బండిని కన్నెత్తి చూడని మార్కెట్ కమిటీ చెక్‌పోస్టులో కూడా అతను దిగి, లోపలికెళ్లి, తన కారులో మిరపకాయలు లేవని చెప్పేవాడు. నేనడిగానా అని గుమాస్తా విసుక్కుంటే, గోంగూర పచ్చడి సీసా మాత్రం ఉందనీ, అందులో ఎండుమిరపకాయలు పడ్డాయి కాబట్టి సెస్సు పడుతుందేమో రూల్సు చూడమనీ వినయంగా కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. పాపం గుమాస్తా పుస్తకం దుమ్ము దులిపి వెతికేవాడు.

ఆ కారెక్కిన మగాళ్లంతా మళ్లీ జన్మలో ఎక్కమని ఒట్లు పెట్టుకునేవాళ్లు. అయినా బాషా కారు ఒక్కరోజు ఖాళీగా ఉండేది కాదు. ఆ ఒట్లు ఇళ్లల్లో ఆడవాళ్ల దగ్గర చెల్లేవి కావు మరి. ఆస్పత్రికైనా పెళ్లికైనా వాళ్లకి బాషా కారే కావాలి. ఎందుకంటే, నిదానస్తుడు అనేవాళ్లు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టిన మొగుడు పొదిలిలో లేడు.

రెండువేల ఒకటి వేసవిలో ఎరువుల కొట్టు ప్రేమ్‌చంద్‌కి ఈ బెడద తప్పలేదు. వాళ్లమ్మ బసవమ్మకి కిడ్నీలో రాళ్లు. నీళ్లు బాగా తాగాలని ఒంగోలు డాక్టరు చెప్పి, మద్రాసులో పెద్ద డాక్టరుకి చూపించమన్నాడు. రమ్మన్న రోజు ఆయన మధ్యాహ్నం దాకానే ఉంటాడు, అది తప్పితే మళ్లీ నెల దాకా దొరకడు. ప్రేమ్‌చంద్ సుమో మాట్లాడాడు. అంతకుముందు అదే సుమోలో అమ్మని ఎక్కడా ఆపకుండా హైదరాబాదు తీసుకెళ్లానని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నవాడు మరి. ఆ ప్రయాణం తర్వాత ఆవిడ జ్వరంతో మంచం పట్టింది. హైదరాబాదు నీళ్లు పడలేదని అతనే తేల్చేశాడు. ఈసారి మాత్రం బసవమ్మ సుమో ఎక్కనంది. బాషా కారైతేనే వస్తానని కూర్చుంది.

ఒంగోలు దాటకముందే ఒకసారి, నెల్లూరు దగ్గర ఇంకోసారి బాషా ఆపాడు. ప్రేమ్‌చంద్ గడియారం చూసుకుంటూ పళ్లు నూరుకున్నాడు. తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఆఫీసరు అంకయ్య కిటికీలోంచే చెయ్యి ఊపాడు.

"అన్నీ బానే ఉన్నాయి, పోవయ్యా."

"చూడకుండా ఎట్టా తెలుసుద్ది సార్?" అని బాషా దిగాడు.

"మొన్నేగా చూశా."

"మొన్న డిక్కీ చూళ్లేదు సార్ తమరు."

"ఏముంది దాంట్లో?"

"స్టెప్నీ ఉంది. గాలి ఉందో లేదో తమరు ఒకసారి నొక్కి చూస్తే..."

అంకయ్య తల పట్టుకుని బయటికొచ్చాడు. డిక్కీకి తాళం లేదు, తాడు కట్టి ఉంది. ఆ తాడుకి బాషా వేసిన ముళ్లు విప్పడం బాషాకే రావడం లేదు. వెనకాల లారీల హారన్లు. వినోదం చూడ్డానికి కానిస్టేబులూ, లారీ డ్రైవర్లూ, టీ కొట్టువాడూ వచ్చి డిక్కీ చుట్టూ మూగారు. ప్రేమ్‌చంద్ ఇక ఆగలేక అందర్నీ తోసుకుంటూ వెళ్లి, మా అమ్మకి ఒంట్లో బాలేదు, దయచేసి మమ్మల్ని వదిలెయ్యమని ఆఫీసరుని బతిమాలాడు.

"నేను పట్టుకుంటే కదా బాబూ వదలడానికి," అన్నాడు అంకయ్య నీరసంగా.

ప్రేమ్‌చంద్ విసురుగా వచ్చి కారు తలుపు తీశాడు. వెనక సీట్లో అమ్మ లేదు. పొద్దున నిండుగా ఇచ్చిన నీళ్ల సీసా మాత్రం ఖాళీగా పడుంది. కేకేయబోతుండగా ఆఫీసు వెనకనుంచి, ఊడ్చే ఆవిడని తోడు పెట్టుకుని, తడి కాళ్లతో, కొంగుతో మొహం తుడుచుకుంటూ బసవమ్మ వచ్చింది. కొడుకుని చూసి తప్పు చేసినదానిలా తల దించుకుంది.

అంకయ్య అతన్ని పక్కకి పిలిచాడు. ఈ రోడ్డు మీద గడియ పడే బాత్రూములు చెక్‌పోస్టుల్లోనే ఉన్నాయని, మొదట్లో తనూ బాషా మీద కేసు రాద్దామనుకున్నానని, అసలు సంగతి తెలిశాక రాయలేదని మెల్లగా చెప్పాడు.

ప్రేమ్‌చంద్ డిక్కీ దగ్గరికొచ్చాడు. తాడుకి మళ్లీ ముళ్లు వేస్తున్న బాషాని, ఈ నాటకమంతా ఎందుకు, ఆపమంటారా అని ఒక్క మాట అడిగితే పోదా అన్నాడు.

"అడిగితే వద్దు నాయనా అనే అంటారు బాబూ. మగోళ్లం అడిగితే ఇంకేమంటారు? కారెక్కాలంటే రాత్రి నించే నీళ్లు మానేస్తారు. నా కారులో అయితే తాగుతారు."

ప్రేమ్‌చంద్‌కి సుమో ప్రయాణం గుర్తొచ్చింది. దారంతా సీసా మూత కూడా తియ్యకుండా కూర్చున్న అమ్మా, తర్వాత ఆ జ్వరమూ, కొట్లో తను చెప్పుకున్న గొప్పలూ గుర్తొచ్చి సిగ్గేసింది. కారెక్కాడే గానీ చాలాసేపు వెనక్కి తిరిగి అమ్మ మొహం చూడలేకపోయాడు.

డాక్టరు లేవబోతుండగా వెళ్లి పడ్డారు. నీళ్లు తాగుతున్నారా అని ఆయన అడిగితే, దారిలోనే సీసా ఖాళీ చేశానని బసవమ్మ గర్వంగా చెప్పింది. రాళ్లు మందులతో కరిగిపోతాయన్నాడాయన. బయటికొచ్చాక ప్రేమ్‌చంద్ ఇంకా పెద్ద సీసా ఒకటి కొని నీళ్లు నింపి అమ్మ చేతికిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో, పొద్దు వాలుతుండగా మళ్లీ అదే చెక్‌పోస్టు. అంబాసిడర్‌ని దూరం నుంచే గుర్తుపట్టి అంకయ్య పొమ్మని రెండు చేతులూ ఊపాడు. బాషా కారు ఆపాడు గానీ, అతను తలుపు తీసేలోపే ప్రేమ్‌చంద్ దిగి కిటికీ దగ్గరికి నడిచాడు.

"సార్, పొద్దున స్టెప్నీలో గాలి సరిగ్గా చూళ్లేదు మీరు," అన్నాడు.

అంకయ్య అతన్నోసారి ఎగాదిగా చూసి, తల పట్టుకుని లేచాడు. అందరూ డిక్కీ చుట్టూ చేరాక, కారు వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది.