డబ్బా చప్పుడు

పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలోని రెండు కథలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ స్థిమితం ఉండదు. ఒకదానిలో ఓ పిల్ల కాలు విరిగిన జింకపిల్లను తెచ్చుకుని, నయమయ్యాక కూడా పెరట్లోనే కట్టేసుకుంటుంది. రెండో కథలో ఓ పిల్లాడు దెబ్బతిన్న గద్దను సాకి, కొండెక్కి వదిలేస్తాడు. రెండిటినీ పోల్చి రాయమని ప్రశ్న. వదిలేసినవాడిదే అసలు ప్రేమ అని టీచరుగారు జవాబు రాయించారు. రాసుకున్నానే గాని నా ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. మా పెరట్లో కోళ్లగంప కింద ఒక నీటికాకి ఉంది మరి.

భీమవరం పక్కన మా ఊళ్లో వరిచేలు చేపల చెరువులవుతున్న రోజులవి. మాకూ ఒక చెరువుండేది. పక్షులు దిగకుండా దానిమీద నైలాన్ దారాలు కట్టేవారు. ఆ దారానికే ఈ నీటికాకి రెక్క కోసుకుపోయింది. చేపలు తినే పక్షిని చేపల చెరువువాళ్లింట్లో పెంచడమేమిటని నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ పట్టు విడవలేదు. గాయానికి పసుపు అద్ది, సత్తుగిన్నె మీద గరిటెతో టకటకా కొట్టి చిన్నచేపలు వేసేదాన్ని. నెల తిరిగేసరికి ఆ చప్పుడు వింటే చాలు, నోరు తెరుచుకుని వచ్చేసేది. ఎంత మురిసిపోయానో!

ఆ పాఠం విన్నాక నాకూ ఊపొచ్చింది. మర్నాడే చెరువుగట్టుకు తీసుకెళ్లి వదిలేశాను. ఎగిరింది. నేనూ గద్దను వదిలిన ఆ పిల్లాడిలా అయిపోయాననుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే మా చెరువు కాపలా ఆయన వచ్చాడు. గట్టుమీద రేకుడబ్బా వాయించి పక్షుల్ని తోలడం ఆయన పని.

"ఏంటోనండి, డబ్బా కొడితే అన్నీ లేచిపోతున్నాయండి. ఒక్కటి మాత్రం సరాసరి నా దగ్గరికే వస్తోందండి. వడిసెలతో కొట్టెయ్యమంటారా?"

"దానికి నన్నడగాలా? కొట్టెయ్," అన్నారు నాన్నగారు, కాఫీ తాగుతూ.

అది నా నీటికాకే, డబ్బా చప్పుడును నా గిన్నె చప్పుడనుకుని వస్తోంది. తప్పు దానిది కాదు, నేను నేర్పిన చదువుది.

"ఈ ఒక్కపూటా నేను తోలతాను నాన్నగారూ," అని బతిమాలి, డబ్బా లాక్కుని గట్టుకు పరుగెత్తాను.

డబ్బా కొట్టాను. అన్నీ లేచిపోయాయి. అదొక్కటే వచ్చి నా ముందు వాలి నోరు తెరిచింది. మట్టిబెడ్డ విసిరాను. గురి తప్పింది. చేప అనుకుందేమో, వెళ్లి ఆ బెడ్డను పొడిచి చూసింది. ఏడుపు ఆగలేదు. రెండో బెడ్డ దాని రొమ్ముకు తగిలింది. "పో! చచ్చిపోతావే, పో!" అని అరిచాను. కాస్త దూరం ఎగిరి, మళ్లీ డబ్బా కొట్టగానే మళ్లీ వచ్చింది. మళ్లీ బెడ్డతో కొట్టాను. మధ్యాహ్నందాకా అదే పని.

తర్వాత పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. టీచరుగారి జవాబే రాశాను. ఆ రెండు కథల్లోని పిల్లలెవరూ బెడ్డ పట్టుకోలేదని రాస్తే మార్కులెవరిస్తారు?

బెడ్డలు విసిరిన మర్నాడు గట్టుమీద కాపలా ఆయన డబ్బా వాయిస్తుంటే పక్కనే నిలబడ్డాను. నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఒక్కటీ వెనక్కి తిరగలేదు. నాకు కావలసింది అదే. అయినా ఆ గుంపులో నాది ఏదో చూసుకుందామని, అవి కనబడకుండా పోయేదాకా మెడ ఎత్తి అలా వెతుకుతూనే ఉన్నాను.