తొమ్మిదో నంబరు డబ్బా

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రంగూన్‌లో ఛాతీ జబ్బుల క్లినిక్‌లో నర్సుగా పనిచేసినదాన్ని, మనుషులు పోవడం కళ్లారా చూసినదాన్ని. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నా దుప్పటి లాగలేదు. ఎవరైనా అలాంటి మాట మొదలుపెడితే, ముందు జ్వరం చూసుకోండి అనేదాన్ని. ఇన్నేళ్లూ ఇది బయటపెట్టకపోవడానికి కారణం కూడా అదే. ఈసారి థర్మామీటర్ నాకు పెడతారు.

బయటి సరుకేదీ రానివ్వకుండా ఆ దేశం తలుపులన్నీ బిగించుకుని కూర్చున్న రోజులవి. అలాంటప్పుడు మా పెద్ద డాక్టరుగారు బయటి దేశం నుంచి ఒక పెట్టె తెప్పించారు. ఆయాసానికి నోటితో పీల్చే కొత్త మందు, చిన్న చిన్న డబ్బాల్లో. అది గుండెకి చేటు చేస్తుందా, చేతులు వణికిస్తుందా అన్నది మేం చూడాలి. కొన్ని డబ్బాల్లో మందు ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. ఏది ఏదో డాక్టరుగారికి కూడా తెలియదు.

నా పని సులువే. రోగి మందు పీల్చాక నాడి చూడాలి. చేతులు చాపించి వేళ్ల మీద ఒక కాగితం పరవాలి. చేతులు వణుకుతుంటే కాగితం అల్లాడుతుంది. ఆ తర్వాత డబ్బాని నీళ్ల గిన్నెలో వేయాలి. మునిగితే నిండుగా ఉన్నట్టు. నిలువుగా తేలితే సగం. పక్కకి ఒరిగి తేలితే ఖాళీ. ఆ పరీక్షని నమ్మలేం అని ఇప్పటి డాక్టర్లు అంటారు. అప్పుడు మాకున్నది అదే.

డబ్బాల మీద నంబర్లు నేనే గోళ్ల రంగుతో వేశాను.

నాలుగో నంబరు పైడయ్యది, తొమ్మిదో నంబరు సింహాచలానిది. ఇద్దరూ అహ్లోన్ పేటలోని బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి, ఊక దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లే. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టం ఏమీ లేదు, స్నేహమే. సింహాచలానికి మందు పీల్చగానే కాగితం గడగడలాడిపోయేది. కాసేపు టీ కప్పు కూడా పట్టుకోలేకపోయేవాడు. పైడయ్య వేళ్ల మీద కాగితం ఒక్కసారి కూడా కదల్లేదు. ఆయనది తక్కువ మందు అయి ఉంటుందని లోపల అనుకునేదాన్ని.

ఒకరోజు వరండాలో ఇద్దరూ ఒకే డబ్బా మార్చి మార్చి పీలుస్తూ దొరికిపోయారు. నేను అరిచిన అరుపుకి బయట రిక్షావాడు కూడా వెనక్కి చూశాడు. మోతాదు మించితే గుండె ఆగుతుందని చెప్పాను. సింహాచలం తల దించుకుని, "ఒక సుట్ట ఇద్దరం కాల్సినోళ్లం సిస్టరమ్మా, అలవాటైపోనాది" అన్నాడు.

ఆ వానల్లోనే సింహాచలం పోయాడు. మందు వల్ల కాదు, విషజ్వరం. అంతకు రెండు రోజుల ముందే ఆయనకి తొమ్మిదో నంబరే వేసి కొత్త డబ్బా ఇచ్చాను. ఆయన పోయాక ఆయన కూతురు దాన్ని తెచ్చి అప్పజెప్పింది. నీళ్లలో వేస్తే మునిగిపోయింది, నిండుగా ఉంది.

తర్వాతి వారం పైడయ్య వచ్చాడు. ఆయన డబ్బా నిలువుగా తేలింది. పదిహేను రోజులకి మించి రాదు. రావలసిన రెండో పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"బావది నిండుగుంది గదమ్మా. నాకిచ్చీ."

ఇవ్వనన్నాను. అందులో మందు ఎంతుందో తెలియదు, నీకు పడకపోతే ఎవరిది బాధ్యత అన్నాను. నా మాటలో తప్పు లేదు. ఆయన "సర్లే తల్లీ" అని వెళ్లిపోయాడు. తొమ్మిదో నంబరు డబ్బాని బీరువాలో పెట్టి, తాళం వేసి, దాని మీద కాగితం అంటించి సంతకం చేశాను. తాళంచెవి నా మెడలో శిలువతో పాటు దారానికే ఉండేది. ఆ బీరువాలో ఇంకో నిండు డబ్బా కూడా ఉంది, పదకొండో నంబరు. మందు మానేసి మాండలే వెళ్లిపోయిన ఒక రోగిది.

నాలుగు రోజులు తిరక్కుండా సర్కారు మీద తిరగబడి ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది. ఊరేగింపులు, తర్వాత కాల్పులు, కర్ఫ్యూ. బస్సులు ఆగిపోయాయి. క్లినిక్ మూశారు. పేటపేటకీ దుంగలు అడ్డం వేసి కాపలా కాసుకున్నారు. మా వీధి దాటితే అటు లోకం ఉందో లేదో తెలిసేది కాదు. నేను ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టాను. పదిహేను దాటాయి. ఇరవై దాటాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే "సర్లే తల్లీ" అన్న మాట వినిపించేది.

నెల దాటాక ఒక ఉదయం తెల్ల యూనిఫాం వేసుకుని నడిచాను. ప్రతి అడ్డు దగ్గరా ఆపారు. నర్సునని చెబితే దారి ఇచ్చారు. అహ్లోన్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పైడయ్య ఇంటికి పరామర్శకే వెళ్తున్నాననుకున్నాను.

పైడయ్య గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. పెదవుల్లో నీలం లేదు. కానీ వెల్లుల్లి రెబ్బలు వేళ్లలోంచి జారిపోతున్నాయి. చేతులు చాపమని సంచిలోని కాగితం పరిచాను. అల్లాడిపోయింది.

డబ్బా అడిగాను. నాలుగో నంబరే, నేను వేసిన రంగే. చెంబులో నీళ్లు తెప్పించి గిన్నెలో పోసి అందులో వేశాను. పక్కకి ఒరిగి తేలింది. నొక్కి చూస్తే చిన్న చప్పుడు కూడా లేదు.

ఎక్కడైనా కొన్నారా అని పైడయ్య కూతురు నూకాలుని అడిగాను.

"ఏటి కొంటామమ్మా? నెల్లాళ్లయి గడప దాటనేదు. ఈ డబ్బా కాళీ అయిపోయి శానా రోజులైనాది. నానైతే అయ్యకి ఆకరి రోజులే అనుకున్నాను."

పైడయ్య నవ్వాడు. "బావొచ్చీవోడమ్మా. అన్నాలు తిన్నాక, పగలే. నా పీక పట్టీసినప్పుడల్లా పక్కన కూకుని తనది నా నోట్లో పెట్టీవోడు. సిస్టరమ్మకి సెప్పకురా, తిడతాదన్నాడు."

పోయినవాడికి కూడా నా నోరంటే భయమేనా అని ఒక పక్క నవ్వొచ్చింది, ఇంకో పక్క ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి తిన్నగా క్లినిక్‌కి నడిచాను. వెలుతురు ఇంకా ఉంది. కాపలావాడి చేత తలుపు తీయించాను. బీరువా తాళం అలాగే ఉంది. కాగితం చిరగలేదు, నా సంతకం మీద గీత కూడా లేదు. తాళంచెవి నా మెడలోంచే తీశాను. ముందు పదకొండో నంబరు నీళ్లలో వేశాను. మునిగింది.

తర్వాత తొమ్మిదో నంబరు వేశాను. అది పక్కకి ఒరిగి, ఆకులా తేలింది.

నొక్కాను. ఏమీ రాలేదు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

మూత వదులై గ్యాస్ కారిపోయి ఉండొచ్చు. ముసలివాడి చేతులు ఆకలికి వణికి ఉండొచ్చు. ఆయాసం తనంతట తనే తగ్గే రోజులూ ఉంటాయి. విడివిడిగా అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. అన్నీ ఒకే నెలలో, ఆ ఇద్దరికే ఎందుకు జరిగాయో మాత్రం చెప్పలేను. రిపోర్టులో "తొమ్మిదో నంబరు: గ్యాస్ కారిపోయింది" అని రాశాను. డాక్టరుగారు చదివి నా మొహం చూశారు, కింద సంతకం పెట్టారు.

మర్నాడు పదకొండో నంబరు సంచిలో వేసుకుని మళ్లీ అహ్లోన్ వెళ్లాను. అందులో మందు ఎంతుందో అప్పుడూ తెలియదు. అందుకే ముందు ఒక్కసారే పీల్చమని, పక్కన కూర్చుని గంటసేపు నాడి పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఈ పని మొదటిసారి అడిగినప్పుడే చెయ్యగలిగేదాన్ని. ఒక గంట పట్టేది, అంతే.

ఇకమీదట కూడా మీ బావ వస్తాడా అని అడిగాను, నవ్వుతూనే.

"ఇంక రాడమ్మా" అన్నాడు పైడయ్య. "నువ్వొచ్చీసేవు గదా."

అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు. బతికుండి నేను వెళ్లాల్సిన ఇంటికి నాకంటే ముందు ఎవరో వెళ్లారు. అంతవరకే నాకు తెలుసు.