సినిమాలో పడిన కాళ్లు

మా తమ్ముడు నిక్షేపంగా బతికి ఉండగానే నేను వాడి కోసం ధర్మవరంలో వీధి మొదటి నుంచి ఏడ్చుకుంటూ పోయాను. ఆ ఏడుపు తలుచుకుని మా ఇళ్లలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు నేను ఏడ్చింది సగం వాడి కోసమే అయినా, మిగతా సగం మగ్గం మీద ఉన్న చీర కోసం. అది ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

చీర సంగతి ముందు చెప్పాలి. నా కూతురి కూతురికి పెళ్లి కుదిరింది. మా ఇళ్లలో పెళ్లికూతురు ముహూర్తానికి కట్టుకునే చీర అంగట్లో కొనరు. ఆమె తల్లి వైపు మగవాడు తన చేత్తో నేసి ఇవ్వాలి. నా కూతురి పెళ్లికి మా తమ్ముడే నేశాడు. ఆ చీర మడత మార్చి మార్చి దాచాను, ఇప్పటికీ జరీ నల్లబడలేదు. మనవరాలికి కూడా వాడే నేయాలి. చుట్టూ కరెంటు మగ్గాలు వచ్చాక మా వాళ్లలో చేతి మగ్గం ముందు కూర్చునేది వాడొక్కడే మిగిలాడు. పెళ్లి శ్రావణంలో. నేను మాఘంలోనే పట్టు తెప్పించి మగ్గానికి ఎక్కించాను. కుంకుమ రంగు చీర, ఆకుపచ్చ అంచు. ఏ పనైనా ముందుగా చూసుకుంటే వృథా తక్కువ.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరి చేత పూర్తి చేయించడానికి లేదు. అడ్డపోగును దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కొక్క చేతిది ఒక్కొక్క తీరు. చెయ్యి మారిన చోట బట్టలో గీత పడుతుంది. వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే చిన్నపిల్లకైనా కనిపిస్తుంది. అందుకే ఆ చీర రావాలంటే వాడే నేయాలి, లేకపోతే రాదు.

వాడికేమో చిన్నప్పటి నుంచి సినిమా పిచ్చి. వయసులో ఉన్నప్పుడు హీరో మీసం ఎట్లా ఉంటే వాడి మీసం అట్లా మారేది. మగ్గం గోడకు చిన్న అద్దం వేలాడదీసుకుని, తల దువ్వుకున్నాకే మగ్గం కింద తొక్కుడు చెక్కలుండే గుంటలో కాళ్లు పెట్టేవాడు. పట్టణంలో స్టూడియోకు పోయి గడ్డం కింద వేలు పెట్టుకుని తీయించుకున్న ఫోటోలు ఒక సంచి నిండా ఉన్నాయి. మా నాయన వాటిని ఒకసారి పొయ్యిలో వేయబోతే మా అమ్మ అడ్డం పడింది. ఆ రోజే వేసి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

మాఘం చివర పెనుకొండ కోట దగ్గర షూటింగు జరుగుతోందని విని, వాడు చీర వదిలేసి చూడటానికి పోయాడు. ఆ సినిమా కథ ఏమిటంటే, ఒకడికి పేరు పిచ్చి. లోకమంతా తనను గుర్తుపట్టాలని ఫోనులో తనను తాను వీడియో తీసుకుంటూ ఉంటాడు. తండ్రి చచ్చిపోతే శవం పక్కన కూర్చుని అదీ తీసుకుంటాడు. ఆ తండ్రి శవంగా పడుకోవడానికి వాళ్లకు ఒక ముసలాయన కావాలి. జనంలో నిలబడిన మా తమ్ముణ్ణి చూసి డైరెక్టరు పిలిచాడట. అరవై ఏళ్లు ఎదురుచూసినవాడు ఊరుకుంటాడా?

ఇంటికి వచ్చి సాధన మొదలుపెట్టాడు. ఒక పొద్దున మా మరదలు రేషన్ బియ్యానికి పోయింది. వీడు నట్టింట్లో చాప పరుచుకుని, నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టుకుని, కాళ్ల బొటనవేళ్లు రెండూ పట్టు పోగుతో కట్టుకుని, తల దగ్గర దీపం కూడా పెట్టి పడుకున్నాడు. ఏదీ తక్కువ కాకూడదని వాడి పట్టుదల. పక్కింటామె మజ్జిగ కోసం వచ్చి వాకిట్లో నుంచి చూసి కేక వేసింది. గడియలో హిందూపురంలో ఉన్న నాకు ఫోను వచ్చింది.

నేను ఒక పంచె, ఒక పూలదండ కొనుక్కుని ప్యాసింజరు రైలు ఎక్కాను. చావు ఇంటికి కొత్త బట్ట లేకుండా పోకూడదు. హడావుడిలో నా ఫోను ఇంట్లో ఛార్జింగులోనే ఉండిపోయింది. పెనుకొండలో మా చిన్నమ్మ కూతురు ఎక్కింది. ఆమె చేతిలో నా దానికంటే పెద్ద దండ. ఆమె ఫోను దారిలో మూడుసార్లు మోగింది. ఏడ్చుకుంటూ పోయేవాళ్లం ఫోనెత్తి ఏం మాట్లాడతామని ఎత్తలేదు. అది మా మరదలు, రావద్దని చెప్పడానికి చేసిన ఫోను.

ధర్మవరంలో దిగి, పద్ధతి ప్రకారం వీధి మొదట్లోనే గొంతెత్తాము. వీధిలో ఎవరూ మాతో కలిసి ఏడవలేదు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుఃఖం ఆపుకుంటోందనుకున్నాను. ఇంట్లోకి పోతే మా తమ్ముడు చాప మీద ఉన్నాడు. పొద్దున పక్కింటామె కేకకే లేచి ఉప్మా తిన్నవాడు, మా ఏడుపు వినపడగానే మళ్లీ పోయి పడుకున్నాడని నాకెట్లా తెలుస్తుంది? వాడి గుండె మీద పడి, మా అమ్మ పేరు ఎత్తి, చిన్నప్పుడు నేను చంకనేసుకుని తిప్పిన సంగతి ఎత్తి, మనవరాలి చీర సంగతి కూడా ఎత్తి ఏడ్చాను. అప్పుడు వాడు ఒక కన్ను తెరిచాడు.

"కదిల్నానా అక్కా? నిజం చెప్పు, నీకు అనుమానం వచ్చిందా?"

మా మరదలు తలుపు పక్కన నిలబడి తల కొట్టుకుంటోంది. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. వాడి చెంప మీద ఒకటి వేసి కూర్చున్నాను.

"చీర ఎంత వరకు వచ్చిండాది?"

"రెండు మూరలు."

"పోయిన వారం కూడా రెండు మూరలే అన్యావు కదరా."

మా చిన్నమ్మ కూతురు దండ పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. "ఈ పూలు ఇప్పుడు ఎవురికి వేయల్ల?" అని అడిగింది. ఎల్లుండే షూటింగు, నాకే వేద్దురు, తడిగుడ్డ చుట్టి పెట్టండి అని వాడు పడుకునే చెప్పాడు. పారేయడానికి నాకూ మనసు రాలేదు. పంచె కూడా కొన్న అంగట్లో వాపసు తీసుకోరు. అందుకని నేను వాడి శవానికి తెచ్చిన కొత్త పంచె, రెండు దండలు, అన్నీ సినిమాకే పనికొచ్చాయి.

షూటింగుకు నేనూ పోయాను, అయిపోగానే వాణ్ణి మగ్గం దగ్గరికి తోలుకుపోవాలని. పొద్దున నుంచి సాయంత్రం దాకా పాడె మీద ఎండలో పడి ఉన్నాడు. ఈగ వచ్చి చెవి మీద వాలింది. కదలలేదు. నిజం చెప్పాలి కదా, చూస్తూ ఉంటే నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. చివర్లో డైరెక్టరు వాడి చెయ్యి పట్టుకుని లేపి, "పెద్దాయనా, నిజంగా పోయారేమోనని భయపడ్డాను. మళ్లీ పిలుస్తాను" అన్నాడు. ఆ పిల్లవాడు మర్యాదకు అన్నాడు. మావాడు ఆ మాట మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి మగ్గం మూలబడింది. ఫోను పక్కన పెట్టుకుని అరుగు మీద నల్లద్దాలతో కూర్చునేవాడు. కిటికీ దగ్గర కూర్చుని నేస్తే ముఖం నల్లబడుతుందట. ఇంకో వేషానికి పనికొస్తుందని గడ్డం పెంచాడు. వీధిలో వాళ్లు పోతూ పోతూ, "ఏమప్పా హీరో, ఈసారి యాడ సస్తాండావు?" అని అడిగేవాళ్లు. వాడు నవ్వకుండా, "కతలు వింటాండా" అని జవాబు చెప్పేవాడు. మా మరదలు పక్కిళ్ల మగ్గాలకు పట్టు పోగు కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

నేను నెలకొకసారి పోయి అరిచి వచ్చేదాన్ని. పేరు వచ్చాక మనవరాలికి పది చీరలు తెస్తానన్నాడు. పది నాకెందుకు, మొదలుపెట్టినది ఒకటి చాలని చెప్పాను. ఆషాఢం వచ్చింది. ఒకరోజు మనవరాలే నా దగ్గరికి వచ్చి కూర్చుని, "తాత చీర రాకుంటే పోనీలే అవ్వా, అమ్మ చీరే కట్టుకుంటా" అంది. ఆ పిల్ల మాఘంలో ధర్మవరం పోయి, మగ్గం మీద ఉన్న ఆ రెండు మూరలనూ చేత్తో నిమిరి వచ్చింది. పోనీలే అన్న మాట నోటితోనే అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ముహూర్తం ఇంకా ఇరవై దినాలు ఉందనగా సినిమా హిందూపురంలో ఆడింది. మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు పెట్టుకుని వీధిలో వాళ్లను కూడా పిలుచుకుని రైల్లో వచ్చాడు. నేను ఇంట్లోనే శనక్కాయలు వేయించి మూట కట్టుకుని పోయాను. హాల్లో అమ్మేవి ఎవరు తింటారు?

సినిమా బాగానే ఉంది. ఆ కొడుకు తండ్రి శవం మీద పడి ఏడుస్తాడు. ఫోను సరిగ్గా పట్టుకోలేదని మధ్యలో ఏడుపు ఆపి చెల్లెల్ని తిడతాడు. మళ్లీ మొదటి నుంచి ఏడుస్తాడు. చావు ఇంట్లో ఇదేం నవ్వులాట అని నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత చాప మీద పడుకుని నా ఏడుపు విన్న మావాడు గుర్తొచ్చాడు. ఈ కథ రాసినవాళ్లు మా ఇంటికి ఎప్పుడు వచ్చిపోయారో అనుకుని, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

మావాడు నవ్వలేదు. తెర మీద వాడి కోసం వెతుక్కుంటున్నాడు. పాడె మీద శవం ఉంది. శవం మీద మేము తెచ్చిన రెండు దండలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి వేసేసరికి గడ్డం నుంచి నుదురు దాకా అన్నీ పూలే. వాటి కింద నా పంచె. పంచె చివర రెండు కాళ్లు, వేళ్లు కట్టి ఉన్నాయి. అంతే. వాడు నాలుగు నెలలు ఎదురుచూసిన ముఖం ఒక్కసారి కూడా కనపడలేదు.

అందరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. వాడు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వీధిలో వాళ్లు కూడా ఆ ముఖం చూసి ఎగతాళి చేయలేదు, దూరంగా పోయి నిలబడ్డారు.

"నా ముగం యాడుండాది అక్కా?"

"పూల కింద."

"మీ పూలే."

 పారేయడానికి మనసు రాక నీళ్లు చల్లి దాచింది నేనే. ఆ మాట నిజమే. వాడి పక్కన కూర్చుని మిగిలిన శనక్కాయలు చేతిలో పోశాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. అందుకని చూసిందే చెప్పాను.

"కాళ్లయితే బాగా పడినాయిరా. అంతసేపు ఒక్క వేలు కూడా కదల్లేదు. జనమంతా సూసినారు."

వాడు చెప్పులు విడిచి తన కాళ్లను కాసేపు చూసుకున్నాడు. మగ్గం తొక్కి తొక్కి మడమలు గట్టిపడిన కాళ్లు. "నిజంగానా? అంత పెద్దగా కనపడినాయా?" అన్నాడు.

"తెర నిండా. ఇంగ పోయి వాటిని గుంటలో పెట్టు. ఇరవై దినాలే ఉండాది."

రైలు వచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఆ కాళ్లు పనిచేసేది సూడల్లంటే జనం మా ఇంటికే రావల్ల కదక్కా?" అన్నాడు. గొంతు తేరుకుంది. నేనూ వాడితోనే ఎక్కి ధర్మవరంలో మకాం పెట్టాను. వాడి మాట మీద నాకు నమ్మకం లేదు.

కానీ కాపలా పెద్దగా అవసరం పడలేదు. మరుసటి పొద్దున గడ్డం గీయించుకుని, కాళ్లకు కొబ్బరి నూనె రాసుకుని గుంటలో దిగాడు. కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. వచ్చేపోయేవాళ్లను పిలిచి, ఒంగి గుంటలోకి చూడమనేవాడు. "ఏమప్పా, సినిమాలో పడినవి ఇవేనా?" అని వాళ్లు అడిగితే, ఇవేనని ఒకసారి వేళ్లు ఆడించి చూపించి మళ్లీ తొక్కేవాడు. చూడటానికి వచ్చినవాళ్లను నేను ఊరికే నిలబడనివ్వలేదు. ఒకరి చేత నీళ్లు తెప్పించాను, ఒకరి చేత కండెలు చుట్టించాను. మా మరదలు చాలా నెలల తర్వాత మగ్గం పక్కన కూర్చుని అంచు పోగులు అందించింది, పాట కూడా పాడింది. ఆ ఇంట్లో నేను అన్ని దినాలు అంత నవ్వుతూ ఉన్నది ఎప్పుడూ లేదు.

ముహూర్తానికి నాలుగు దినాల ముందు చీర మగ్గం నుంచి కోశారు. నేను దాన్ని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి, మూర మూరా చూసుకుంటూ వచ్చాను. రెండు మూరల దగ్గర నాలుగు నెలలు ఆగిపోయింది కదా, వాడి దెబ్బ తీరు మారి అక్కడ గీత ఉంటుందనే అనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు.

పెళ్లిలో ఆ చీర కట్టుకుని మనవరాలు పీటల మీదికి వస్తుంటే మగపెళ్లివారి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కొంగు పట్టుకుని చూశారు. నేసింది ఎవరని అడిగితే నేను మా తమ్ముణ్ణి చూపించాను. వాడు ముందు వరసలో, నేను కొన్న ఆ పంచె కట్టుకుని, మళ్లీ నల్లద్దాలు పెట్టుకుని, కాళ్లు బాగా ముందుకు చాపుకుని కూర్చున్నాడు. తలంబ్రాలు అయ్యాక మనవరాలు పెద్దలకు మొక్కుతూ వాడి దగ్గరికి వచ్చింది. "బాగా మొక్కు తల్లీ, ఊరంతా సూసిన కాళ్లు" అన్నాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక, కుంకుమ రంగు కొంగు జారి వాడి కాళ్ల మీద పడుతున్నా సర్దుకోకుండా, రెండు చేతులతో మొక్కింది. ఫోటోలు తీసేవాణ్ణి పిలిచి ఇంకోసారి మొక్కమన్నాడు. మొక్కింది. నేను వాడికంటే పెద్దదాన్ని కాబట్టి సరిపోయింది, లేకపోతే నా చేత కూడా మొక్కించుకునేవాడు.