మిద్దె మీద చౌడు పరిచే రోజు

మా చిన్నప్పుడు... వానలు ఇంకో పది రోజుల్లో వస్తాయనగా, బనగానపల్లెలో మా వీధి వీధంతా మిద్దెల మీదే ఉండేది.

మావి మట్టి మిద్దెలు. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, ఆ పైన బండలు, మట్టి... అన్నిటికంటే పైన చౌడు. ఊరి బయట చౌటి నేలలో తవ్వి ఎద్దులబండి మీద తెచ్చే తెల్లటి మట్టి అది. ఏటా పలచగా పరిస్తే చాలు, తొలి వానకు మెత్తబడి సందులన్నీ మూసేసేది. ఎక్కడైనా ఉరిస్తే, అంటే ఇంట్లోకి నీళ్లు కారితే, పైకెక్కి అక్కడ ఇంకో గంపెడు పోసేవాళ్లం.

మా వరసలో పద్నాలుగు ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒకరు బద్ధకిస్తే పక్కవాళ్ల గోడ కూడా తడుస్తుంది... అందుకని అందరూ ఒకే రోజు పని పెట్టుకునేవారు. ఆ రోజు వీధంతటికీ బొరుగుల ఉగ్గాని మా పక్కింటి ఖాదర్‌బీ అవ్వ చేసేది. పిల్లలం కిందికి దిగకుండానే ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తేవాళ్లం.

ఇదంతా ఇప్పుడు తియ్యగా చెబుతున్నాను గానీ, ఆ పనంటే నాకు ఒళ్లుమంట. ఎనిమిదేళ్ల పిల్లని. చౌడు కళ్లల్లో పడి మండేది, జడలో ఇరుక్కుంటే నాలుగు రోజులు పోయేది కాదు.

అప్పుడే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. మా నాయన అక్కడికి బండలు తోలేవాడు. కొత్త ఆఫీసుల సిమెంటు కప్పులు చూసొచ్చి ఇంట్లో ఒకటే చెప్పడం... నేను పట్టుకున్నాను. "నాయనా, మన మిద్దెకూ సిమిటి పోపీ... నేనింగ గంప మోయను" అని రెండు పూటలు అన్నం మానేశాను.

నాయన పోయించాడు. చౌడు మీదనే, ఇంత మందాన.

ఖాదర్‌బీ అవ్వ ముందే వచ్చి బతిమాలింది. "వద్దు నాగప్పా. మట్టికి గాలి ఆడాల. పైన మూతేస్తే లోపలి తడి యాడికి పోతాది? నీ దూలమూ నా దూలమూ ఒకే గోడ మీద ఉండాయి."

"నీకు శానా బయం అవ్వా" అని నాయన నవ్వాడు.

మొదటి ఏడు ఒక్క చుక్క ఉరవలేదు. నేను నీడలో కూర్చుని, గంపలు మోసే పిల్లల్ని వెక్కిరించాను. మమ్మల్ని చూసి ఇంకో ఆరిళ్ల వాళ్లు సిమెంటు పోయించారు.

రెండో వేసవి ఎండకు సిమెంటు వెంట్రుకవాసి చీలింది. ఆ చీలికలోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆరే దారి లేదు. ఇంట్లో ముక్కిన వాసన... ఎక్కడిదో ఎవరికీ అర్థం కాలేదు. మూడో ఏడు వానల్లో, పట్టపగలు, మధ్య గోడ ఖాదర్‌బీ అవ్వ ఇంటివైపు కూలిపోయింది. గోడలో ఉన్న దూలం కొన చేత్తో నలిపితే పొడి రాలింది.

అవ్వ వాకిట్లో ఉండబట్టి బతికింది. ఆమె మిద్దె మీద చౌడు మాత్రం చెక్కుచెదరలేదు, కూలిన కప్పు ముక్కల మీద కూడా తెల్లగా అంటుకునే ఉంది.

ఆమె ఎవర్నీ తిట్టలేదు. డోన్‌లో కూతురింటికి వెళ్లిపోతూ నా తల నిమిరి, "గంప మోసే బాధ తప్పింది గదమ్మీ" అంది. నిజంగా నా మీద జాలితోనే అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ ఇళ్లు కదా... మధ్యలో ఒకటి పోయాక మిగతావి ఆగలేదు. కూలినవి కూలాయి, మిగిలినవి భయపడి పడగొట్టారు. వరసలో ఒక్కటి కూడా లేదు. చౌడు ఎంత మందాన పరచాలో తెలిసినవాళ్లూ లేరు. మొన్న వెళ్తే ఆ చౌటి నేల ప్లాట్లయిపోయి ఉంది.

వందల ఏళ్లు నిలిచిన వీధి... ఏడాదికి ఒక్కరోజు పని తప్పించుకోవడానికి పోగొట్టుకున్నాం. అందులో నా వంతు ఉంది.

మీ ఊళ్లో ఇంకా ఏటా చౌడు పరిచే మిద్దె ఒక్కటైనా ఉందా? ఉంటుందన్న ఆశ నాకు లేదు... అయినా అడుగుతున్నాను. ఉంటే చెప్పండి. నిచ్చెన ఎక్కే వయసు దాటిపోయింది. కింద నిలబడి గంప అందిస్తాను.