గని ఒండు

మా ఊరి బంగారు గని మూతపడ్డాక దాని పక్కన బూడిదరంగు దిబ్బలు మిగిలాయి. రాయిని పిండి చేసి, బంగారం తీసుకున్నాక పారబోసిన మన్ను అది. చేత్తో పట్టుకుంటే జొన్నపిండిలా మెత్తగా ఉండేది.

మా వైపు ఎండాకాలంలో చెరువు అడుగున పేరుకున్న ఒండు బండ్లతో తోలి చేలకు వేస్తారు. అది పడితే ఎర్రనేల కాస్త తడి నిలుపుకుంటుంది. వానలు లేక, చెరువులో ఒండు కూడా గీకేసిన ఏడాది నాయన బండిని గని దిబ్బ వైపు తిప్పాడు. ఊళ్ళో అందరూ తోలుకున్నారు. దానికి గని ఒండు అని పేరు కూడా పెట్టారు. ఒండు అన్నాక ఇక దాన్ని ఎవరు అనుమానిస్తారు?

అమ్మ పెరట్లో ఆ మన్ను పరిచి పాలకూర, తోటకూర, ముల్లంగి వేసింది. అప్పుడే అక్క తొలికాన్పుకు వచ్చింది. రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు బాగా తినమని నర్సమ్మ చెప్పి వెళ్ళింది. ఇక రెండు పూటలా పప్పులోకి ఆకే.

"ఇంగ చాలు మా. నేనేమన్నా మేకనా?" అనేది అక్క.

"మేకైనా ఇంత గొణగదు. తిను మే, లోపలోడికి రక్తం పట్టల్ల."

ఆ రోజుల్లోనే గని మన్ను పరీక్షకని పట్నం నుంచి ఇద్దరు వచ్చి మా పెరటి మన్ను, ఆకు సంచుల్లో కట్టుకుపోయారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అక్క ఒడిలో కొడుకున్నాడు. ఇద్దరిలో పెద్దాయన అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. మన్నులో సీసం, పాషాణం ఉన్నాయట. ఆకుల్లోకీ దుంపల్లోకీ అవి ఎక్కువగా చేరతాయట. కడుపుతో ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు మరీ చెడ్డదట. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. పాషాణం అన్న మాట అప్పటిదాకా రాజుల కథల్లోనే చదివాను, శత్రువుకు విందులో కలిపి పెట్టేదిగా.

"బాగా కడిగే వండినాను సామీ" అంది అమ్మ.

"పైన దుమ్ము పోతుందమ్మా. లోపలికి ఎక్కింది పోదు."

"మరి వీనికో?" అని బిడ్డను చూపించింది. ఆయన తాను చెప్పలేనన్నాడు. పెద్ద ఆస్పత్రిలో రక్తం చూపించమన్నాడు.

మడి పీకేశాం. అమ్మ ఆ ఆకు మేకలకు వేయబోతే నాయన అరిచాడు. పిల్లాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. రక్తం చూసిన డాక్టరు ఇదే కారణమని అనలేదు, కాదనీ అనలేదు. వాడి నాయనకూ మాటలు ఆలస్యమేనని అక్క అత్త సర్దిచెప్పింది. అయినా వాడు ఒక్కో మాట కోసం తడుముకుంటుంటే మేం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

రెండో కాన్పుకు అక్క రాలేదు. "నీ మీద కోపం కాదు మా, ఆ మన్నంటే భయం" అని ఫోన్లో చెప్పింది. పుట్టింట్లో జరగాల్సిన కాన్పుకు అమ్మే నన్ను తోడు తీసుకుని అక్క అత్తగారి ఊరు కదిరి పోయింది. బస్సు దిగి మార్కెట్లో ఆకుకూరలమ్మే పిల్ల దగ్గర తోటకూర కట్ట పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇది యాడ పండింది పాపా?"

"మా తోటలోనే. ఏమక్కా, ఆకు కొంటావా, పెండ్లి సంబంధం అడుగుతాండావా?"

పక్కవాళ్ళు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"తోలిన మన్నా, ఉన్న మన్నా?"

"మన్ను మన్నే కదక్కా!"

అమ్మ కట్ట కింద పెట్టేసింది. ఆ పూట అక్క ఇంట్లో అమ్మ ఉత్త పప్పు వండింది. ఆకు ఎందుకు వేయలేదని అక్క అడగలేదు.