చుక్కల్లోంచి బొమ్మ తీసిన చాచా

మొన్న శుక్రవారం పిల్లలతో గ్రౌండులో ఉండగా మా ఊరు కోస్గి నుంచి ఫోన్ వచ్చింది. చాచా పోయాడు. పొద్దున చాయ్ తాగి కుర్చీలో వెనక్కి వాలాడట, మళ్లీ లేవలేదు. జుమ్మా నమాజు తర్వాత మట్టి ఇస్తామన్నారు. నేను బస్సు దిగేసరికి అంతా అయిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన సారూ కాదు. బస్టాండు వెనకాల రేడియోలు, టీవీలు, వీసీఆర్లు బాగుచేసేవాడు. కానీ ఇవాళ నేను ఆడపిల్లలకు కబడ్డీ నేర్పి బతుకుతున్నానంటే ఆ బతుకు నాకు ఆయన షాపులోనే దొరికింది. ఈ మాట ఆయన ఉండగానే రాసి, చదివి వినిపించాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఇన్నేళ్లు గడిపినందుకు నామీద నాకే కోపంగా ఉంది.

షాపు ఎంత ఇరుకంటే ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మం బయటే. విప్పిన స్క్రూలను విప్పిన వరుసలోనే సాసర్లో పేర్చేవాడు. అందుకని చాయ్ ఎప్పుడూ కప్పుతోనే తాగి నాలుక కాల్చుకునేవాడు. సన్నని పని పడితే ఎడమ కన్ను మూసేవాడు. ‘ఖరాబైంది’ అన్న మాట మాత్రం ఆయన నోట రాదు. “మిషన్ అబద్ధం చెప్పది బిడ్డా, మనకే అడుగుడు రాదు” అనేవాడు.

తొంభైల నడుమ సంగతి ఇది. నేను తొమ్మిదో తరగతి. జిల్లా ఆటల పోటీల్లో మా బడి ఆడపిల్లల జట్టు కబడ్డీ ఫైనలుకు చేరింది. పాలమూరులో ఆట. గెలిచాం! ఆఖరి కూత నాదే. ఆట అయిన మూడో వారంలో, హైదరాబాద్ స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తామని మా డ్రిల్లు సారు చేతికి ఫారం ఇచ్చారు. దానిమీద ఆ శనివారం లోపల బాపు సంతకం కావాలి.

మా బాపు గిర్ని నడిపేవాడు. ఊరి జొన్నలన్నీ ఆయన చేతుల మీదుగానే పిండయ్యేవి. అంగడి రోజు గిర్ని ఆపడం కుదరక ఆటకు రాలేదు. ఫారం చూసి మొహం ముడుచుకున్నాడు.

“ఆడపిల్ల నిక్కరేసుకొని దుంకుడేంది? పట్నం పంపుడేంది?”

“గెలిచిన బాపూ!”

“అందరు గెలిచినమనే అంటరు. నేను చూడాలె గద. నా కండ్లతోని చూసినంకనే సంతకం.”

చూపించడానికి క్యాసెట్టు ఉంది. పెళ్లిళ్లకు వీడియో తీసే అన్నను డ్రిల్లు సారు బతిమాలి పాలమూరు తీసుకొచ్చాడు, ఆట మొత్తం తీయించాడు. ఆ క్యాసెట్టు బుధవారం నా చేతికొచ్చింది. పక్కింటి వాళ్ల టీవీకి కిరాయి వీసీఆర్ తగిలించి, బాపును ముందు కూర్చోబెట్టి, నేనే నొక్కాను. తెరనిండా తెల్లటి చుక్కలు! అడుగున జానెడు మేర మాత్రం బొమ్మ ఉంది. అందులో కనిపించేవి కాళ్లు. ఒట్టి కాళ్లు! చుక్కల వెనక నుంచి నా కూత మాత్రం ఖంగుమని వినిపిస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

“గిదేనా మీ కబడ్డీ?” అని బాపు లేచాడు. “కాళ్లు చూసి సంతకం పెట్టాల్నా?”

ఇంకో రెండు ఇళ్లలో వేసి చూశాం. అవే చుక్కలు. తెలివిగలవాడొకడు మురికి పట్టిందేమోనని కొత్త రూపాయి నోటు తెచ్చి మిషన్ లోపల టేపును చదివే హెడ్డు రుద్దాడు. ఆ వీసీఆర్ అప్పటిదాకా వేసే సినిమాలు కూడా వేయడం మానేసింది. వీడియో అన్న తన కెమెరాలోనే పెట్టి చూశాడు. తీసిన కెమెరాలోనూ చుక్కలే. “టేపే ఖరాబు చెల్లె, ఇడిసెయ్” అన్నాడు. గురువారం మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, ఏడ్చుకుంటూ చాచా షాపుకు పోయాను. వీడియో అన్న కూడా వెంట వచ్చాడు.

చాచా టేపు వేసి, ఎడమ కన్ను మూసి, చాలాసేపు ఆ చుక్కలనే చూశాడు.

“చెడిన టేపైతే చుక్కలు తెరంత తిరుగుతయి. గివి ఒక్కకాడనే నిలవడ్డయి.” తర్వాత వీడియో అన్న వైపు తిరిగాడు. “కెమెరా ఎన్నడన్న కింద వడ్డదా?”

“లేదు చాచా! నా పానం లెక్క చూసుకుంట.”

“నేను నిన్నేమంటలే బేటా. అడుగుతున్న, అంతే.”

వీడియో అన్న అప్పుడు ఒప్పుకున్నాడు. దసరా ముందు కొడంగల్ తొవ్వలో స్కూటరు మీద నుంచి జారి పడింది. అయినా మంచిగనే నడిచింది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మా ఆట తీసిన తర్వాతి వారం హైదరాబాద్ పోయి బాగుచేయించుకొచ్చాడు.

చాచా తొడ చరిచి నవ్వాడు. “చాలా మంచిగ బాగుచేసిండ్రు, గదే తిప్పలైంది!”

ఆ పూట ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. మిషన్ లోపల టేపును సరైన ఎత్తులో నడిపే చిన్న గుంజలుంటాయి. కెమెరా పడ్డప్పుడు ఒక గుంజ వెంట్రుకవాసి కిందికి దిగింది. అప్పట్నుంచి అది బొమ్మను వంకరగా రాసింది, వంకరగానే చదువుకుంది. అందుకే తేడా తెలియలేదు. బాగుచేశాక కెమెరా నిటారుగా నిలబడింది, తన పాత రాత తనకే చదవరాలేదు.

“మరి ఎట్ల చాచా?” అన్నాను.

“ఎట్లనేముంది? చదివే మిషన్‌ను గూడ గంతే వంచాలె.”

ఆయన దగ్గర మంచి వీసీఆర్ ఒక్కటే. ఊళ్లో వాళ్లు తెచ్చినవన్నీ దానితోనే పోల్చి బాగుచేసేవాడు. దాని మీది మూత విప్పుతుంటే వీడియో అన్న గాభరా పడ్డాడు. “మంచి మిషన్‌ను చేతులార చెడగొడ్తున్నవ్ చాచా!”

“మల్ల సక్క చేసుకుంట, ఫికర్ చెయ్యకు. పిల్లకు శనివారమే ఆఖరట.”

ఆ రోజు సాధించలేకపోయాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. గుంజను ఇసుమంత తిప్పడం, తెర చూడడం, మళ్లీ తిప్పడం. కాళ్ల మీద మోకాళ్లొచ్చాయి. తర్వాత నడుములు, చేతులు. ఒక్కసారిగా తలకాయలు కూడా వచ్చి మా జట్టు మొత్తం తెర మీద నిలబడింది! నేను షాపు అదిరేలా కేక పెట్టాను.

“ఒర్రకు. మీ బాపును పిల్చుకరా,” అన్నాడు చాచా. తిప్పి తిప్పి గుంజ వదులైపోయింది. స్క్రూడ్రైవరుతో పట్టుకుంటేనే నిలుస్తోంది, చెయ్యి తీస్తే మళ్లీ చుక్కలు. అందుకని ఆయన మిషన్ వెనక్కి పోయి వంగి నిలబడ్డాడు.

బాపు గిర్ని ఆపి, పిండి చేతులతోనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, “కాళ్లేనా, ఇంకేమన్న ఉన్నయా?” అన్నాడు. ఆఖరి కూతకు మేం ఒక్క పాయింటు వెనకున్నాం. తెర మీద నేను కూతకు పోయాను. ముగ్గురు నా మీద పడ్డారు. ఒకమ్మాయి మడమ పట్టింది, ఇద్దరు నడుము పట్టారు. నేను నేలమీద పాకుతున్నాను, కూత విడవలేదు. నడిమి గీత ఇంకా మూరెడు దూరం ఉంది.

బాపు గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

“గీత అందుకో బిడ్డా! అందుకో! ఇడువకు!”

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఆట గెలిచి మూడు వారాలైంది. ఆ సంగతే మర్చిపోయి మా బాపు తెర మీది నాకు అరుస్తున్నాడు. తెర మీద నా వేళ్లు గీతకు తగిలాయి. బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు, జుట్టంతా జొన్నపిండి. “ఫారం ఏడుంది?” అన్నాడు.

శనివారం పొద్దున ఫారం డ్రిల్లు సారు చేతికి చేరింది. నేను హాస్టలుకు పోయాను, ఆ తర్వాత రాష్ట్రం జట్టుకు ఆడాను. కెమెరా పడ్డ నాటి నుంచి బాగైన నాటి దాకా తీసిన పెళ్లి క్యాసెట్లన్నీ వీడియో అన్న మూట కట్టి తెచ్చాడు. అవన్నీ చాచా అట్లాగే ఒక్కొక్కటి బొమ్మ తీసిచ్చాడు. ఆ అన్న పేరు ఎక్కడా చెడనివ్వలేదు. ఇప్పుడు ఈ సంగతి రాయమన్నది ఆ అన్నే.

ఆ శుక్రవారం సంతకం అయ్యాక చాచా ఎవరిదో బాగుచేసి పెట్టిన ఇంకో వీసీఆర్‌కు తీగ కలిపి, ఏ మిషన్లోనైనా నడిచేలా కొత్త క్యాసెట్టులోకి కాపీ ఎక్కించాడు. దానికోసం ఆట మొత్తం మళ్లీ నడవాలి. “ఆట ఎట్లుంది చాచా?” అని అడిగాను. “నేనేడ చూసిన బిడ్డా? తెర మీ దిక్కుంది. మీ బాపు మొఖం చూసిన, గెలిచినమని గట్ల ఎర్కైంది” అన్నాడు. స్క్రూడ్రైవరు నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఆఖరి కూత వచ్చింది. బాపు మళ్లీ అదే చోట లేచి, “అందుకో బిడ్డా!” అని అరిచాడు. మిషన్ వెనక వంగి, ఒక్క బొమ్మా కనిపించకుండానే, చాచా కూడా బాపుతో పాటు గొంతెత్తి అరిచాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.